అలసిన సాయంత్రానికి పావుగంట స్నానం: మూడు లీటర్ల గీజరు, మైసూరు శాండల్ సబ్బు, ఒక నూలు తుండు

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించే నాకు వారంలో నాలుగు రోజులైనా ఆరు పీరియడ్లు నిలబడే గడుస్తాయి. సాయంత్రం ఐదున్నరకు కూకట్‌పల్లిలోని మా ఫ్లాటుకు చేరేసరికి పిక్కలు బిగుసుకుపోయి, మెడ వెనుక భాగం బరువెక్కి, వేళ్ల సందుల్లో సుద్దపొడి ఎండిపోయి చర్మం బిరుసుగా ఉంటుంది. వచ్చీ రాగానే సోఫాలో కూలబడితే ఇక లేవడం కష్టమయ్యేది. కాఫీ తాగినా, కాసేపు కళ్లు మూసుకున్నా ఆ బడలిక రాత్రి భోజనాల వరకు అలాగే ఉండేది. రాజమహేంద్రవరం నుంచి మా దగ్గరికి వచ్చి ఉంటున్న అత్తయ్యగారు మాత్రం ప్రతిరోజూ ఒకే మాట అనేవారు: "ముందు నాలుగు చెంబులు పోసుకుని రామ్మా, కాఫీ తరువాత తాగుదువుగాని." రెండేళ్ల క్రితం ఒక చలికాలపు సాయంత్రం ఆ మాట విన్నాను. అప్పటి నుంచి ఈ సాయంత్రపు స్నానం కోసం నేను కొన్నవి, వాడినవి, పక్కన పెట్టినవి ఎలా పనిచేశాయో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

వీటన్నిటినీ నేను ఒకే కొలతతో తూచాను. అలసిపోయిన మనిషికి ఓపిక ఉండదు కనుక, ఆ వస్తువు ఎంత తక్కువ ఓపికతో పని జరిపిస్తుందన్నదే నేను చూసింది. ఆదివారం తలంటు పోసుకునేటప్పుడు కుంకుడుకాయలు నానబెట్టుకోవచ్చు, సున్నిపిండి కలుపుకోవచ్చు, గంటసేపు తీరిగ్గా కూర్చోవచ్చు. ఆ స్నానం వేరు, ఇది వేరు. ఇది స్విచ్చు వేసిన దగ్గర నుంచి ఉతికిన బట్టలు కట్టుకునే వరకు పావుగంటలో ముగియవలసిన స్నానం. ఇందులో నిరీక్షణ ఉన్నా, ఎంచుకోవడానికి నాలుగు సీసాలు ఉన్నా, మధ్యలో ఆగవలసి వచ్చినా మనిషి తిరిగి సోఫా దగ్గరికే వెళ్లిపోతుంది.

అందుకే అన్నిటికంటే ముందు గీజరు గురించి చెప్పాలి, ఎందుకంటే నా సాయంత్రాలను నిజంగా మార్చినది అదే. అంతకుముందు మా స్నానాల గదిలో పదిహేను లీటర్ల నిల్వ గీజరు ఉండేది, దాని సామర్థ్యం రెండు కిలోవాట్లు. పదో తరగతి పిల్లలకు ఉష్ణం పాఠంలో విశిష్టోష్ణం లెక్కలు, అంటే ఒక పదార్థాన్ని వేడి చేయడానికి ఎంత ఉష్ణం కావాలన్న లెక్కలు చేయించే నేను, ఆ లెక్కను మా ఇంటి గీజరుకు ఒక్కసారి కూడా వేసి చూడలేదు. చలికాలంలో మా కుళాయి నీళ్లు సుమారు 22 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంటాయి. పదిహేను లీటర్లను అక్కడి నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే రెండు కిలోవాట్ల కాయిల్‌కు ఇరవై నిమిషాలు పడుతుంది. ఇంటికి చేరి, స్విచ్చు వేసి, ఇరవై నిమిషాలు ఆగడమంటే సోఫాలో కూర్చోవడమే, కూర్చుంటే ఆ రోజుకు స్నానం లేనట్టే. పైగా ఒక్క మనిషికి కావలసింది ఒక బకెట్టు గోరువెచ్చని నీళ్లయితే, మనం కాచేది పదిహేను లీటర్ల వేడినీళ్లు. మిగిలినవి తొట్టిలోనే ఉండి చల్లారిపోతాయి.

దాని స్థానంలో మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు పెట్టించాను. ఇది మూడు కిలోవాట్లది. ఇందులో ఉన్న మూడు లీటర్లు 22 డిగ్రీల నుంచి 60కి చేరడానికి రెండున్నర నిమిషాలు దాటి కాస్త పడుతుంది. ఆ నీటికి చన్నీళ్లు కలిపితే, మిశ్రమాల పద్ధతి ప్రకారం, 39 డిగ్రీల నీళ్లు దాదాపు ఆరున్నర లీటర్లకు పైగా వస్తాయి. ఆ తరువాత కుళాయి సన్నగా వదిలి ఉంచితే కాయిల్ కాచుకుంటూ పోయి నిమిషానికి మరో రెండున్నర లీటర్లను అదే వెచ్చదనానికి తెస్తుంది. అంటే పదహారు లీటర్ల బకెట్టు నిండడానికి స్విచ్చు వేసినప్పటి నుంచి ఆరేడు నిమిషాలు చాలు. ఆ ఆరేడు నిమిషాల్లో నేను చెప్పులు విప్పి, చేతి గడియారం తీసి, జుట్టు పైకి ముడి వేసుకుని, మార్చుకోవలసిన బట్టలు తలుపు వెనుక కొక్కేనికి తగిలించేసరికి నీళ్లు సిద్ధంగా ఉంటాయి. లెక్క సరిగ్గా ఉందో లేదో చూడాలన్న కోరికతో మొదటి వారం థర్మామీటరు పెట్టి కొలిచాను. ఒకటి రెండు డిగ్రీల తేడాతో లెక్క నిలబడింది.

కరెంటు సంగతి కూడా చెప్పుకోవాలి. ఒక బకెట్టు గోరువెచ్చని నీళ్లకు ఇందులో పడేది యూనిట్‌లో సుమారు మూడో వంతు. పాత గీజరులో తొట్టి మొత్తం కాచినప్పుడు మూడింట రెండు వంతుల యూనిట్ ఖర్చయ్యేది. ఇంట్లో నలుగురు ఒకరి తరువాత ఒకరు ఉదయం స్నానాలు చేసేటప్పుడు నిల్వ గీజరే మేలు, అందులో సందేహం లేదు. సాయంత్రం ఒక్కరే, ఒక్క బకెట్టుకే వాడేవారికి ఈ చిన్నదే సరిపోతుంది.

అయితే ఈ చిన్న గీజరును షవరుకు కలిపి వాడుదామనుకునేవారు ఆ ఆలోచన మానుకోవడం మంచిది. మా షవరు నిమిషానికి ఎనిమిది లీటర్లు వదులుతుంది. అన్ని నీళ్లను చలికాలంలో 22 నుంచి 39 డిగ్రీలకు ఏకధాటిగా తేవాలంటే తొమ్మిదిన్నర కిలోవాట్లు కావాలి, మూడు కిలోవాట్ల కాయిల్ వల్ల అది కాదు. తొలి నిమిషం వెచ్చగా వచ్చి, సబ్బు రాసుకున్న తరువాత నీళ్లు ఒక్కసారిగా చల్లబడతాయి. నేను మొదటి వారంలోనే ఒంటినిండా నురగతో వణుకుతూ నిలబడి ఈ సంగతి తెలుసుకున్నాను. దుకాణంలో షవరుకు కూడా పనికొస్తుందని చెప్పి అమ్మారు, అది సరైన మాట కాదు. షవరు కింద నిలబడి స్నానం చేయాలనుకుంటే పెద్ద నిల్వ గీజరు ఉండాలి. నా మట్టుకు నేను బకెట్టుకు, చెంబుకు తిరిగి వచ్చాను, రెండేళ్లుగా మళ్లీ షవరు తిప్పలేదు.

చెంబు గురించి ఇంకొంచెం చెప్పాలని ఉంది. ప్లాస్టిక్ మగ్గు తేలిక కనుక దానితోనే మొదలుపెట్టాను, కాని అది బకెట్టులో మునగకుండా తేలుతూ, ప్రతిసారీ చేత్తో నొక్కితే గాని నిండదు. అత్తయ్యగారు తన సామానులోంచి ఒక ఇత్తడి చెంబు తీసి ఇచ్చారు. అది లీటరుకు కొంచెం తక్కువ పట్టే, అంచు బయటికి వంగిన పాత చెంబు. అడుగున కుమ్మరి సారె మీద చేసినట్టు సన్నని వలయాలు ఉంటాయి, ఒక పక్క చిన్న సొట్ట ఉంది. తన బరువుకు తానే మునిగి నిండుతుంది, వంచినప్పుడు ఆ వంపు అంచు మీదుగా నీళ్లు వెడల్పుగా, చప్పుడు చేయకుండా జారుతాయి. మెడ వెనుక, భుజాల మీద ఆ నీళ్లు ఒక పలచని దుప్పటిలా పరుచుకుంటాయి. షవరు సూదుల్లా కొట్టే ధారలో ఈ సుఖం నాకు దొరకలేదు. అంతేకాక చెంబుతో పోసుకునేటప్పుడు చేయి లేస్తుంది, దిగుతుంది, ఊపిరి కూడా దానితోపాటే ఒక క్రమంలోకి వస్తుంది. పోసుకున్న చెంబులు లెక్కపెడితే పద్దెనిమిదో ఇరవయ్యో అవుతాయి, ఆ లెక్క పూర్తయ్యేసరికి బడిలో ఆ రోజు జరిగిన గొడవలు మనసులోంచి జారిపోతాయి.

ఏ క్రమంలో పోసుకోవాలన్నది కూడా వాడగా వాడగా తేలిన విషయమే. మొదటి మూడు చెంబులు పాదాలకు, పిక్కలకు. మా చిన్నప్పుడు బయటి నుంచి వచ్చిన ఎవరినైనా కాళ్లు కడుక్కునే లోపలికి రమ్మనేవారు, వాకిట్లో నీళ్ల తొట్టి దానికోసమే ఉండేది. ఆ అలవాటు వెనుక శుభ్రతే కాక సేద తీర్చే గుణం కూడా ఉన్నదని నిలబడి పనిచేసేవారికి బాగా తెలుస్తుంది. తరువాత భుజాలకు, మెడ వెనుక భాగానికి తొందరపడకుండా అయిదారు చెంబులు పోసుకోవాలి, ఈ స్నానంలో అసలైన విశ్రాంతి ఆ ఒకటిన్నర నిమిషంలోనే ఉంది. ఆ తరువాతే సబ్బు. తల తడపకూడదు, తడిపితే ఆరబెట్టుకోవడంతో పావుగంట కాస్తా ముప్పావుగంట అవుతుంది. సబ్బు కూడా ఒళ్లంతా పట్టించనవసరం లేదు. చంకలు, మెడ, పాదాలు, చేతులు, చెమట పట్టే మరికొన్ని చోట్ల రాస్తే చాలు, ఉదయం స్నానం చేసిన ఒంటికి మిగిలిన చోట్ల నీళ్లే సరిపోతాయి. రోజుకు రెండుసార్లు ఒళ్లంతా సబ్బు పట్టించిన తొలి నెలలో నా మోచేతుల దగ్గర, పిక్కల మీద చర్మం తెల్లగా పొడిబారి పగిలింది. సబ్బు క్షార గుణం కలది, చర్మం పైపొర స్వల్పంగా ఆమ్ల గుణం కలది, కాబట్టి అలా కావడంలో ఆశ్చర్యం లేదు.

ఇక సబ్బు విషయం. నాలుగు రకాలు మార్చి చివరికి మైసూరు శాండల్ దగ్గర ఆగాను, దానికి మొదటి కారణం వాసన. అలసి ఉన్నప్పుడు ఘాటైన నిమ్మ వాసన, పుదీనా వాసన వేసే సబ్బులు నన్ను ఉలిక్కిపడేలా చేస్తాయి, పూల వాసనలు తలనొప్పి తెప్పిస్తాయి. గంధపు వాసన అలా కాదు, అది వెచ్చని నీటి ఆవిరితో మెల్లగా లేచి గదిలో కాసేపు నిలుస్తుంది. పెళ్లిళ్లలో గంధం పూసే వెండి గిన్నె, పూజ గదిలో సానరాయి మీద అరగదీసిన గంధపు చెక్క, వేసవిలో తాతగారి నుదుటి మీది చల్లని గంధం, ఇవన్నీ ఆ వాసనతోపాటే వస్తాయి. మన ఇళ్లలో పెరిగినవారికి ఈ వాసన చల్లదనానికీ శాంతానికీ గుర్తు. ఈ పని ఏ కొత్త సువాసనా ఇంత తొందరగా చేయలేదు.

ఈ సబ్బు పుట్టుక కూడా తెలుసుకోదగినది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఐరోపాకు ఎగుమతి కావలసిన గంధపు చెక్క మైసూరు సంస్థానంలో నిలిచిపోయింది. అప్పుడు నాల్వడి (నాలుగో) కృష్ణరాజ ఒడయరు పాలనలో, మోక్షగుండం విశ్వేశ్వరయ్య దివానుగా ఉన్న కాలంలో, ఆ చెక్క నుంచి నూనె తీసే పనికి, ఆ నూనెతో సబ్బు చేసే పనికి ప్రభుత్వమే పూనుకుంది. ఆ విధంగా మొదలైన ఈ సబ్బు నేటికీ కర్ణాటక ప్రభుత్వ సంస్థ తయారు చేసేదే. పెట్టె మీద కనిపించే ఏనుగు తల, సింహం శరీరం ఉన్న జంతువు పేరు శరభం. హైదరాబాదులో ఉండే నాకు ఇందులో మరో ఆనందం ఉంది. 1908లో మూసీ వరద ఈ నగరాన్ని ముంచిన తరువాత, మళ్లీ అలాంటి ఉపద్రవం రాకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం పిలిచినది కూడా ఈ విశ్వేశ్వరయ్యనే. ఆ ప్రణాళిక ఫలితంగానే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఏర్పడ్డాయి. గండిపేట నీళ్లు తాగినవారు హైదరాబాదు వదలరని పాతవారు చెప్పుకునే ఆ తియ్యని నీళ్లు ఉస్మాన్‌సాగర్‌వే. సబ్బులోనూ, ఈ ఊరి నీళ్లలోనూ ఒకే మనిషి ఆలోచన ఉన్నదని తలచుకుంటే నాకు ఇష్టంగా ఉంటుంది.

నాణ్యత విషయానికి వస్తే, ఏ సబ్బు కొన్నా పెట్టె వెనుక టీఎఫ్ఎం అన్న అంకె చూడాలి. సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థపు శాతమే ఆ అంకె. భారతీయ ప్రమాణాల ప్రకారం స్నానపు సబ్బుల్లో మొదటి శ్రేణికి అది కనీసం 76 శాతం, రెండో శ్రేణికి 70, మూడో శ్రేణికి 60 ఉండాలి. మైసూరు శాండల్ మొదటి శ్రేణిలోనిది, చేతిలో దాని గట్టిదనం, నురగలోని చిక్కదనం ఆ సంగతిని చెబుతాయి. గుడ్డు ఆకారంలో ఉండడం వల్ల తడి చేతిలో సరిగ్గా ఇముడుతుంది, పెద్ద సబ్బు కంటే చిన్న సైజుదే జారకుండా పట్టుకోవడానికి వీలుగా ఉంది. అడుగున నీళ్లు నిలవని, కన్నాలున్న సబ్బుపెట్టెలో పెట్టుకుంటే ఒకటి నాకు సాయంత్రాలకు మాత్రమే నెలన్నర వస్తుంది. ఏ సబ్బైనా నీళ్లలో నానితే సగం కాలమే వస్తుంది, కాబట్టి సబ్బుపెట్టె మీద పెట్టిన ఖర్చు తిరిగి వచ్చేదే.

ఇక్కడ ఒక నిజం చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. బోరు నీళ్లలో ఏ సబ్బూ సరిగ్గా పనిచేయదు. మా అపార్టుమెంటులో మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, మిగిలిన రోజుల్లో బోరు నీళ్లే గతి. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి, నురగ రాదు, ఒంటి మీద జిడ్డు పొర మిగులుతుంది, బకెట్టు అంచున బూడిద రంగు చార ఏర్పడుతుంది. తాగునీటికి కాఠిన్యత, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండడం మేలని, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు ఒప్పుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. బడి ప్రయోగశాలలో మా బోరు నీటిని పరీక్షించినప్పుడు అది ఆ పై హద్దుకు దగ్గరగా ఉంది. బోరు నీళ్లు వచ్చే రోజుల్లో ద్రవరూపంలో దొరికే బాడీ వాష్ సబ్బు కంటే మెరుగ్గా నురగనిచ్చిందని ఒప్పుకోవాలి, ఎందుకంటే వాటిలో చాలావరకు సబ్బు కాని శుభ్రపరిచే పదార్థాలు ఉంటాయి, అవి కఠిన జలంలో కూడా పనిచేస్తాయి. అయినా నేను దాన్ని కొనసాగించలేదు. సీసా నొక్కి, పీచు మీద వేసి, నురగ తీసి, మళ్లీ పీచు ఉతికి ఆరవేయడం అలసిన వేళ నాకు భారంగా తోచింది. దానికి బదులు మంజీరా నీళ్లు వచ్చిన రోజు ఒక బకెట్టు పట్టి మూతపెట్టి పక్కన ఉంచుకుంటున్నాను, మరుసటి రోజు సబ్బు కడుక్కునే చివరి అయిదు చెంబులకు ఆ నీళ్లే వాడతాను. ఇంత చిన్న ఏర్పాటుతో జిడ్డు సమస్య తీరిపోయింది.

ఈ బోరు నీళ్లు గీజరును కూడా వదలలేదు. పద్నాలుగో నెలలో నీళ్లు సరిగ్గా కాగడం మానేశాయి, లోపలి నుంచి కెటిల్ మరుగుతున్నట్టు ఒక చప్పుడు మొదలైంది. కంపెనీ సేవా కేంద్రానికి ఫోను చేస్తే మనిషి రావడానికి పదకొండు రోజులు పట్టింది, వచ్చిన తరువాత సున్నం పట్టడం వారంటీ కిందికి రాదని చెప్పి వెళ్లిపోయారు. కొన్ననాడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. చివరికి మా వీధి మెకానిక్ వచ్చి మూత విప్పాడు. కాయిల్ మీద వేలెడు మందాన తెల్లని పెచ్చులు పట్టి ఉన్నాయి, స్క్రూడ్రైవరుతో తట్టగానే పాత గోడ సున్నంలా పలకలు పలకలుగా ఊడి అరచేతిలో పడ్డాయి. "మేడమ్, ఈ నీళ్లకు ఏ గీజరైనా ఇంతే. ఆర్నెల్లకోసారి విప్పి కడిగిస్తే పదేళ్లు నడుస్తది," అన్నాడతను. కాఠిన్యతకు కారణమైన బైకార్బొనేట్లు వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా పేరుకోవడమే ఇది, తరగతిలో తాత్కాలిక కాఠిన్యత అని నేను చెప్పే పాఠం నా అరచేతిలోనే కనిపించింది. ఆ పెచ్చులను ఒక చిన్న సీసాలో వేసి బడికి తీసుకువెళ్లి పిల్లలకు చూపించాను, వాటి మీద నిమ్మ ఉప్పు ద్రావణం పోయగానే బుడగలు వచ్చి కరగడం చూసి వారు ఎంతో ఆశ్చర్యపోయారు. కాయిల్‌ను కూడా అతను ఆ నిమ్మ ఉప్పు నీళ్లతోనే శుభ్రం చేశాడు. బోరు నీళ్లు వాడే ఇంట్లో గీజరు కొనేవారు ఏ కంపెనీది అన్న ప్రశ్న కంటే ముందు, మూత సులభంగా విప్పడానికి వీలుందా, కాయిల్ విడిగా దొరుకుతుందా అని అడగాలి.

భద్రత విషయంలో మొహమాటపడకుండా కొన్ని మాటలు రాస్తాను. మూడు కిలోవాట్ల గీజరు పదమూడు ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది, కాబట్టి దానికి పదహారు ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్త్ తీగ తప్పనిసరి. ముప్పై మిల్లీఆంపియర్లకు తెగే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) ఇంటి మీటరు పెట్టెలో లేకపోతే ముందు అది పెట్టించి తరువాత గీజరు కొనండి. బకెట్టు నిండగానే స్విచ్చు ఆపి, ఆ తరువాతే నీళ్లు పోసుకోవడం మా ఇంట్లో నియమం. బకెట్టులో వేసే హీటరు కడ్డీని నేను ఎవరికీ సూచించను, అలసి పరధ్యానంగా ఉన్న మనిషి స్విచ్చు ఆపకుండా నీళ్లలో చేయి పెట్టే ప్రమాదం ఉంది. గ్యాసు గీజరును మూసి ఉన్న స్నానాల గదిలో పెట్టడం మరింత ప్రమాదం, అక్కడ పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

వేడి ఎంత ఉండాలన్నది మరో ప్రశ్న. పొగలు కక్కే నీళ్లు పోసుకుంటే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది కాని తరువాత నీరసం వస్తుంది, ఒళ్లు దురద పెడుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే చేసే స్నానానికి 38, 39 డిగ్రీలు నాకు సరిపోయింది. మోచేతితో తాకినప్పుడు వేడిగానూ చల్లగానూ తోచకపోతే సరైన వెచ్చదనమని గుర్తు. నిద్ర పట్టనివారు మాత్రం స్నానాన్ని పడుకునే ముందుకు జరుపుకోవచ్చు. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత అధ్యయనాలను కలిపి పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితం ప్రకారం, పడుకోవడానికి ఒకటి రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్లతో చేసిన స్నానం నిద్ర త్వరగా పట్టడానికి తోడ్పడుతుంది. వెచ్చదనానికి అరచేతుల్లో, అరికాళ్లలో రక్తనాళాలు విప్పారి, లోపలి వేడి బయటికి పోయి, శరీరం చల్లబడుతుంది, నిద్రకు కావలసినది ఆ చల్లబడడమే. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో నేను తొమ్మిదింటికి ఈ స్నానం చేసి చూశాను, పదిన్నరకు కళ్లు వాటంతట అవే మూతలు పడ్డాయి.

వేసవికి ఈ ఏర్పాటంతా తలకిందులవుతుంది. మే నెలలో మా డాబా మీది నల్లని సింటెక్సు తొట్టి సాయంత్రానికి కాగి, కుళాయి తిప్పితే చేయి పెట్టలేనంత వేడి నీళ్లు వస్తాయి. అప్పుడు గీజరుతో పనిలేదు, చల్లని నీళ్లే కరువు. ఉదయం బడికి వెళ్లే ముందే రెండు బకెట్లు పట్టి స్నానాల గదిలో నీడన ఉంచి వెళతాను. సాయంత్రానికి అవి బావి నీళ్లంత చల్లగా కాకపోయినా, ఒంటికి హాయినిచ్చేంత చల్లబడి ఉంటాయి. ఎండలో నడిచి వచ్చి వెంటనే పోసుకోకుండా, ఫ్యాను కింద అయిదు నిమిషాలు చెమట ఆరనిచ్చి, ముందు పాదాల నుంచి మొదలుపెడితే ఒళ్లు ఉలిక్కిపడదు.

తుండు విషయంలో నా తీర్పు స్పష్టం. మందపాటి టర్కీ తువ్వాలు మెత్తగా ఉంటుంది కాని వానాకాలంలో రెండు రోజులైనా ఆరదు, ముక్కిన వాసన వేస్తుంది, ఒకపూట స్నానం చేసినా ఉదయానికి చెమ్మగానే ఉంటుంది. ఆప్కో దుకాణంలో కొన్న పలచని చేనేత నూలు తుండు మొదటి మూడు ఉతుకుల వరకు నీళ్లు పీల్చలేదు, గంజి పోయిన తరువాత మాత్రం ఒక్క తుడుపుకే ఒళ్లు పొడిగా అయ్యేంతగా పీలుస్తోంది, గంటన్నరలో ఆరిపోతోంది. దానితో వీపు మీద రెండు చేతులా పట్టి అటూ ఇటూ లాగి తుడుచుకుంటే బిగిసిన కండరాలకు చిన్న మర్దనలా ఉంటుంది. పూర్తిగా తుడుచుకోకుండా, చర్మం ఇంకా కాస్త తడిగా ఉన్నప్పుడే అరచేతిలో నాలుగు చుక్కల కొబ్బరి నూనె వేసుకుని మోచేతులకు, పిక్కలకు, మడమలకు రాయాలి. ఆ తడిని నూనె లోపలే పట్టి ఉంచుతుంది. ముందు చెప్పిన పగుళ్లు ఈ ఒక్క అలవాటుతో పది రోజుల్లో మానాయి. ఖరీదైన లోషన్లు రెండు వాడాను, అవి అంతకంటే ఎక్కువేమీ చేయలేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఇంట్లో ఉంటే వీటన్నిటికంటే ముందు కొనవలసినవి మరో రెండు ఉన్నాయి. ఒకటి నలభై అయిదు సెంటీమీటర్ల ఎత్తున్న, కాళ్లకు రబ్బరు తొడుగులున్న ప్లాస్టిక్ స్టూలు. రెండోది పట్టుకుని లేవడానికి గోడకు బోల్టులతో బిగించే స్టీలు కడ్డీ. అత్తయ్యగారి కోసమని ఇవి రెండూ పోయిన సంక్రాంతికి పెట్టించాను. ఇప్పుడు వారికంటే ఎక్కువగా ఆ స్టూలును నేనే వాడుతున్నాను. రోజంతా నిలబడిన మనిషి స్నానం కూడా నిలబడి చేయనవసరం లేదని ఇంతకాలం నాకు ఎందుకు తోచలేదో తెలియదు. కూర్చుని, పాదాలు చాచి, ఆ ఇత్తడి చెంబుతో మోకాళ్ల మీద నుంచి నీళ్లు వదులుతుంటే, వంటింట్లోంచి ఫిల్టరులో డికాషన్ దిగుతున్న వాసన వస్తుంది, "అయిందామ్మా, పాలు కాచమంటావా?" అని అత్తయ్యగారు అడుగుతారు.